నన్ను నేను నమ్ముకోవాలంటే ఏం చదవాలి, ఏం వినాలి?

మీ ప్రశ్న కుదించి చెబితే ఇదీ: 27 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం. చీర కొన్నా ఫొటో తీసి గ్రూపులో పెట్టి, నలుగురు బాగుందంటేగానీ డబ్బు కట్టరు. ఉద్యోగం మారాలా వద్దా అని పదిమందిని అడిగితే పదిమందీ పదిరకాలుగా చెప్పారు, చివరికి ఉన్నచోటే ఉండిపోయారు. మోటివేషన్ వీడియోల ఊపు రెండు రోజులకు మించి ఉండటం లేదు. పుస్తకాలవల్ల, సంగీతంవల్ల తనమీద తనకు నమ్మకం కుదురుతుందా, కుదిరితే ఏవి పట్టుకోవాలి, ఈ వయసులో పాట నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

కుదురుతుంది. అయితే "నువ్వు సాధించగలవు" అని వెన్నుతట్టే పుస్తకం కోసం వెతక్కండి. మీరు ఇప్పటికే పదిమందిని అడుగుతున్నారు, అది పదకొండో గొంతు అవుతుంది, అంతే. "ఇది బాగుంది, ఇది నాకు నచ్చలేదు, ఎందుకంటే ఇదిగో" అని ఎవరినీ అడక్కుండా తేల్చుకునే అలవాటు సాహిత్యం, సంగీతం దగ్గర దొరుకుతుంది. అక్కడ తప్పుగా తేల్చుకున్నా జీతం పోదు, సంబంధం చెడదు. అందుకే ఆ అలవాటుకు అంతకన్నా మంచిచోటు నాకు తెలీదు.

నేను విజయనగరంలో గాత్రం నేర్పుతాను. ఈమధ్య పిల్లలకన్నా ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళే ఎక్కువగా వస్తున్నారు. నెలకోసారి మా ఇంట్లో కొంతమందిమి కూర్చుని ఏదో ఒక పుస్తకం పైకి చదువుకుంటాం. నేను చెప్పేదంతా ఈ రెండుచోట్ల చూసిందే. మనస్తత్వశాస్త్రం నాకు రాదు.

పెద్దవయసులో పాటకు వచ్చేవాళ్ళు సరళీ స్వరాలు (సంగీతంలో మొట్టమొదటి పాఠాలు) పాడుతున్నంతసేపూ నా మొహంకేసే చూస్తారు. గాంధారం ("గ" స్వరం) దగ్గర నా కనుబొమ కాస్త కదిలిందా, స్వరం సరిగ్గానే ఉన్నా సరే, కిందికో పైకో జరిపేస్తారు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ప్రతి ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) చివరా తాళం ఆపి మరీ "కరెక్టేనా మేడం?" అనేవారు. ఇలా కాదని, నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆధారస్వరాన్ని ఆగకుండా పలికించే శ్రుతిపెట్టె ఆవిడ పక్కనే పెట్టి, పంచమం ("ప" స్వరం) పట్టుకుని నిలపమన్నాను. కలిసిందో లేదో మీరే చెప్పాలి, నేను నోరు విప్పను అన్నాను. తెలియడం లేదండీ అన్నారు మొదట్లో. నిజానికి తెలుస్తుంది. పంచమం శ్రుతిలో కలవనప్పుడు రెండు నాదాల మధ్య సన్నటి వణుకు ఉంటుంది. కలుస్తున్నకొద్దీ ఆ వణుకు నిదానిస్తుంది, పూర్తిగా కలిశాక ఆగిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి విద్వత్తు అక్కర్లేదు, కాసేపు ఊరుకుని వింటే చాలు. కొన్ని వారాలకు ఆవిడే పాడుతూ పాడుతూ ఆగి, "తగ్గింది కదా" అని తనే సర్దుకున్నారు. ఆ తర్వాత "కదా" కూడా పోయింది.

ఫోన్లో స్వరం సరిగ్గా ఉందో లేదో చూపే ట్యూనర్ యాప్ పెట్టుకుని, పచ్చ లైటు వెలిగితే పొంగిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. తోడి రాగంలో గాంధారం దాని ముందు పాడి చూడండి, ముల్లు నిలవదు. మన సంగీతంలో చాలా స్వరాలు గమకంతో, అంటే ఊగుతూ జారుతూ, కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే రాగం. దాన్ని స్వరం రాసిన కాగితం కూడా పూర్తిగా చెప్పలేదు. త్యాగరాజ కీర్తనలే వాలాజపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో వేరువేరు పాఠాలతో నడిచాయి. "ఏది కరెక్టు?" అని అడిగే అలవాటున్నవాళ్ళకు ఇది మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. గురువు చెప్పిన పాఠం ముందు శుద్ధంగా నేర్చుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ ఎప్పటికైనా ఒకరోజు, ఏ సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరస) ఎక్కడ ఎంతసేపు నిలపాలో మీ గొంతే నిర్ణయించుకోవాలి.

ఆ రోజు కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు సొంతంగా స్వరాలు అల్లి పాడటం, దగ్గర వస్తుంది. మోహన రాగంలో "ననుపాలింప" కీర్తన నేర్పాక, పల్లవికి ఒక్క ఆవర్తనం స్వరం మీరే వేయండి అంటాను. మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ బెదురుతారు. మర్నాడు నోటుపుస్తకంలో స్వరాలు రాసుకుని, బట్టీపట్టి, గడగడా అప్పజెప్పేస్తారు. లెక్క తప్పదు, పల్లవి ఎత్తుకునే చోటుకు సరిగ్గానే వచ్చి చేరతారు. నేను పుస్తకం మూసేసి, సగం ఆవర్తనమే చాలు, ఐదు స్వరాలే కదా, ఏదో ఒకటి వేయమంటాను. గ ప ద అని ఎక్కి ఎటు దిగాలో తెలియక ఆగిపోతారు. ఆగిపోయినా తాళం ఆపనివ్వను. తర్వాతి చుట్టులో మళ్ళీ అందుకోవాలి. తాళం తప్పినా ఏమీ మునిగిపోలేదని ఒంటికి తెలియడం అక్కడే. దీన్ని మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు.

ఇంత చెప్పాక ఒక మాట. ఊపునిచ్చే సినిమా పాటలు వినొద్దని నేననను, పరీక్షకు వెళ్ళేముందో ఇంటర్వ్యూకు వెళ్ళేముందో అవి బాగా పనిచేస్తాయి. వాటినుంచి అంతకుమించి ఆశించకండి.

ఇక పుస్తకాలు. మా చదువుల బృందంలో కన్యాశుల్కం చదువుతున్నాం. (విజయనగరంలో ఉంటూ గురజాడను చదవకపోతే ఆ నాటకం మొదలయ్యే బొంకులదిబ్బ మీద నడిచే అర్హత లేదని మాలో ఒకాయన వేళాకోళం.) గిరీశం మాటలకు అందరం నవ్వుతున్నాం. ఎప్పుడూ నోరు విప్పని ఒకావిడ, "నాకు నవ్వు రావట్లేదండీ, బుచ్చమ్మతో వాడు మాట్లాడుతుంటే భయమేస్తోంది" అన్నారు. అది హాస్యనాటకమమ్మా అని ఒక రిటైర్డ్ మాస్టారు నచ్చజెప్పబోయారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. పేజీ తిప్పి ఆ సంభాషణే పైకి చదివారు. ఇంగ్లీషు చదివిన మగాడు, చిన్నప్పుడే వితంతువైపోయిన పిల్ల, ఎదురుగా ఆ పిల్ల తమ్ముడు, ఆ పిల్ల అమాయకంగా వేసే ప్రశ్నలు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గిరీశానికి నవ్వేవాళ్ళది తప్పని నేననను, నేను ఇప్పటికీ నవ్వుతాను. కానీ ఆవిడ తన అభిప్రాయాన్ని పుస్తకంలోంచి చూపించగలిగారు. "నాకిలా అనిపించింది" దగ్గర ఆగిపోకుండా "ఇదిగో ఇందుకు అనిపించింది" దాకా వెళ్ళండి. ఈ రెండో మాట ఉంటే ఎదుటివాళ్ళ హోదా మిమ్మల్ని బెదిరించదు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). పాఠకురాలిగా తనను తాను నమ్మడమంటే ఏమిటో ఆవిడను చూసి నేర్చుకోవచ్చు, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

18వ శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన కావ్యం రాధికాసాంత్వనం. నాగరత్నమ్మ దాన్ని ఎంతో ఇష్టంగా, మళ్ళీమళ్ళీ చదువుకున్నారు. అప్పటికే కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలో ముద్దుపళని నడతనూ, కావ్యంలోని శృంగారాన్నీ తీసిపారేశారు. స్త్రీల నోట రావలసినవి, స్త్రీల చెవిన పడవలసినవి కావన్నట్టు రాశారు. ఆ రోజుల్లో వీరేశలింగం మాటంటే మాటలా! సంఘసంస్కర్త, పండితుడు, తెలుగు వచనానికి పెద్దదిక్కు. ఎదుట నిలిచింది దేవదాసీ కులంలో పుట్టిన ఒక గాయని. "అంతటివారే బాగాలేదన్నాక నాకు బాగుందనిపించడం నా లోపమేమో" అనుకోవడానికి ఆవిడకు కావలసినన్ని కారణాలున్నాయి.

ఆవిడ అలా అనుకోలేదు. అలాగని ఊరికే ఎదురుతిరగనూ లేదు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు, కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక లేవని గమనించారు. రాతప్రతి సంపాదించారు, రెండూ పోల్చి చూసుకున్నారు. 1910లో వావిళ్ళవారి ప్రచురణసంస్థ ద్వారా పూర్తి పాఠాన్ని అచ్చువేయించారు. ముందుమాటలో వీరేశలింగం అభ్యంతరాలకు నేరుగా జవాబిచ్చారు. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా, మగకవులు రాసిన శృంగారానికి లేని అభ్యంతరం దీనికెందుకు అన్నది ఆవిడ వాదన సారాంశం. పాత అచ్చులో ఎగిరిపోయిన ఆ పీఠికలో ఏముందో తెలుసా? ముద్దుపళని జంకూగొంకూ లేకుండా తన గొప్ప తాను చెప్పుకుంటుంది. పండితులను తనలా సత్కరించిన ఆడది ఇంకెవరు, తనలా కావ్యాలు అంకితం పొందిన ఆడది ఇంకెవరు అని అడుగుతుంది. తీసేయడానికి వాళ్ళకు ఆ ముక్కే దొరకడం యాదృచ్ఛికమని నేను నమ్మను.

పుస్తకం వచ్చిన కొద్దికాలానికే బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడుగానీ పోలేదు. అంటే మూడు దశాబ్దాలకు పైగా, ఆవిడ తీర్పు తప్పని లోకం అధికారికంగా చెబుతూనే ఉంది. ఈ మధ్యలో ఆవిడ కుంగిపోయి కూర్చోలేదు. 1920లలో తిరువయ్యూరులో పాడుబడి ఉన్న త్యాగరాజ సమాధిని తన సొంత డబ్బుతో బాగుచేయించి గుడి కట్టించారు. అక్కడ ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే, ఆడవాళ్ళతోనే విడిగా ఆరాధన జరిపించారు. విడివిడిగా ఆరాధన జరిపే వర్గాలన్నీ 1940ల మొదట్లో ఒకటయ్యాయి. ఈరోజు పుష్య బహుళ పంచమినాడు అక్కడ ఆడా మగా కలిసి కూర్చుని త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదూ పాడుతున్నారంటే అందులో ఆవిడ పట్టుదల పాలు చాలా ఉంది.

నాగరత్నమ్మ కథను తెగువ కథలాగా చెప్పేస్తుంటారు. నాకు అందులో ఎక్కువ నచ్చేది రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని పోల్చిన పని. మీ ఉద్యోగం విషయంలో కూడా ఆ పనే లోపించిందేమో చూసుకోండి. పదిమంది అభిప్రాయాలు పోగుచేశారు సరే, రెండు ఆఫర్ల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని మీరు ఒక్కరే కూర్చుని చదివారా?

త్యాగరాజు దగ్గరికి వద్దాం. తంజావూరు రాజుగారి పిలుపును కాదని "నిధి చాల సుఖమా" పాడారని సంప్రదాయం చెబుతుంది. కల్యాణి రాగంలోని ఆ కీర్తన వింటే ఈయనకు తనమీద ఎంత నమ్మకమో అనిపిస్తుంది. అదే మనిషి గౌళ రాగంలో "దుడుకుగల" అంటూ తన తప్పులు తానే చరణం వెంట చరణం ఏకరువు పెట్టారు. పంచరత్నాల్లో అది రెండోది. ఐదోది శ్రీరాగంలో "ఎందరో మహానుభావులు", తనకన్నా పెద్దలందరికీ దండం. నన్నడిగితే ఈ మూడూ వరసగా వినండి. తనను నమ్ముకున్నవాడు తనను విమర్శించుకోడనీ, ఎవరికీ తల వంచడనీ మనకు ఎవరో ఎక్కించారు. వీడియోల్లో చెప్పే ఆత్మవిశ్వాసం చాలావరకు అదే, అందుకే రెండు రోజులకు మించి నిలవదు.

పోతన గజేంద్రమోక్షం మీకు బళ్ళో చదివినప్పటి నుంచీ నోటికి వచ్చే ఉంటుంది. ఏనుగు దేవుణ్ణి పిలుస్తూ పిలుస్తూ మధ్యలో "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. ప్రార్థన నడిమధ్యలో అనుమానం! పోతన ఆ పద్యం రాయకుండా ఉండొచ్చు, భక్తికి అడ్డమే కదా. రాశాడు. అనుమానం తీరాక పిలుద్దామని ఏనుగు ఆగలేదు, అనుమానిస్తూనే పిలిచింది. అది దేవుడిమీద నమ్మకం, తనమీద నమ్మకం ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. ఒప్పుకుంటాను. నేను తీసుకునేది ఆ పద్యాల వరస మాత్రమే. అందులో సందేహం, అడుగు రెండూ కలిసే నడుస్తాయి. ఉద్యోగం మారేముందు మనసు పూర్తిగా తేటపడాలని మీరు చూస్తున్నట్టున్నారు, అలా తేటపడ్డవాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

దీనికి తిరగేసిన కేసు గురజాడది. కన్యాశుల్కం 1892లో ఆడింది, జనం మెచ్చారు, 1897లో అచ్చయింది. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడేవారు. ఆయన మళ్ళీ పట్టుకుని, పెంచి, మార్చి, దాదాపు కొత్త నాటకం అనేటట్టు 1909లో మళ్ళీ వేశారు. మనం ఇవాళ చదివేది అదే. నలుగురూ బాగుందన్నప్పుడు కూడా "నాకింకా చాల్లేదు" అనుకోగలగడం తనను నమ్ముకోవడమే. మీ చీరల విషయంలో ఇది కూడా గమనించండి. గ్రూపులో అందరూ బాగుందన్నా మీకు నచ్చకుండా కొన్నవి బీరువాలో ఎన్ని ఉన్నాయి?

బాలమురళీకృష్ణ గురించి ఒక ముక్క. నాలుగు స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టారు. కనీసం ఐదు స్వరాలుండాలి కదా, నాలుగిటితో రాగమేమిటని పెద్ద విద్వాంసులే వాదనకు దిగారు. ఆయన పాడుతూనే పోయారు. నా మటుకు నాకు మహతి చాలా ఇష్టం. నాలుగు స్వరాల ప్రయోగాలన్నీ అంత నిలబడ్డాయని మాత్రం అనుకోను. ఆయనంటే ప్రాణం పెట్టే శిష్యులతో ఈ మాట అనే నేను ఒకటి రెండుసార్లు అక్షింతలు వేయించుకున్నాను. ఫరవాలేదు.

జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. మీరు రాసినదాన్నిబట్టి మీది నిర్ణయాల దగ్గర తడబాటు. అలాకాకుండా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనికీ పనికిరానన్న ఆలోచన వారాల తరబడి వదలకపోవడం ఉంటే పుస్తకాలు, పాటలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అలాంటి సమయంలో రాత్రంతా విషాదగీతాలు వింటూ కూర్చోవడం ఇంకా లోపలికి లాగుతుంది. రెండోది, తెలిసినవాళ్ళను అడగొద్దని నా ఉద్దేశం కాదు. అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు లాయర్ని అడగాల్సిందే. ముందు మీ మాట మీరు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత అడగండి. వాళ్ళ మాట విని మీది మార్చుకున్నా, దేన్ని మార్చుకున్నారో మీకు తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి: త్యాగరాజ కీర్తన "నగుమోము" ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ పాడినది, బాలమురళి పాడినది రెండూ యూట్యూబులో దొరుకుతాయి. కింద కామెంట్లు చదవకుండా, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే కూర్చోవడంలో రెండూ వినండి. ఏది నచ్చింది, ఏ చోట నచ్చింది, రెండు వాక్యాలు రాయండి. రాగం పేర్లు, సాంకేతిక పదాలు ఏవీ వద్దు. "అక్కడ గొంతు ఆగి మళ్ళీ ఎత్తుకున్నప్పుడు ఏడుపొచ్చింది" అన్నా చాలు. పుస్తకానికి కూడా అదే పద్ధతి. ముందుమాట, అట్టమీది పొగడ్తలు చివర్లో చదవండి. కన్యాశుల్కంతో మొదలుపెట్టొచ్చు, ఒంటరిగా అయితే మాటలు పైకి చదవండి, సగం రుచి అందులోనే ఉంది. పద్యం ఒక్కటైనా నోటికి పట్టండి. జాషువా విశ్వనరుడినని ప్రకటించుకున్న పద్యం చిన్నదే, కులంపేరుతో అన్ని అవమానాలు పడ్డ కవి నోటినుంచి వచ్చింది కాబట్టి దాని బరువు వేరు. ఈలోగా వచ్చే చీర మాత్రం ఫొటో పెట్టకుండా కొనండి.

సంగీతానికి 27 ఆలస్యమా అన్నారు. కచేరీలు చేయాలంటే ఆలస్యమే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీకు కావలసిన దానికి మాత్రం కాదు. రోజుకు అరగంట సాధన కుదిరితే మొదటి ఏడాదిలో సరళీ, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలు దాటి, గీతాలనే చిన్న పాటలదాకా రావచ్చు. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. గురువును ఎంచుకునేటప్పుడు పేరు, ఫీజుతోపాటు ఒక్కటి చూసుకోండి: క్లాసులో శిష్యులను ఒంటరిగా పాడనిస్తున్నారా, లేక ఎప్పుడూ తమ గొంతు కలుపుతూనే ఉన్నారా. ఆన్‌లైన్ క్లాసయినా ఫరవాలేదు, అక్కడైతే మీరు పాడేటప్పుడు అవతలివాళ్ళ వీడియో ఆపేయమని అడగండి. మీ గొంతుకు సరిపడే ఆధారశ్రుతి (పిచ్), ఆడవాళ్ళకు సాధారణంగా శ్రుతిపెట్టె మీద నాలుగున్నర, ఐదు, ఐదున్నరల్లో ఎక్కడో ఉంటుంది. మొదటి పాఠంలోనే అది తేల్చుకోవాలి, దాన్ని కూడా గురువుగారు చెప్పేవరకు ఆగకుండా, కింది పంచమం, పై పంచమం రెండూ గొంతు బిగించకుండా పలికేది ఏదో ముందే ఇంట్లో పాడి చూసుకుని వెళ్ళండి.